కుడిపక్కకి జరిగిన వయొలిన్

కాటా అత్తకి కోపం ముక్కు మీద ఉంటుందని అందరూ అంటారు గాని, అది నిజం కాదు. ముక్కు దాకా వెళ్ళి కూర్చునే తీరిక ఆ కోపానికి ఎప్పుడూ ఉండేది కాదు. పుట్టిన చోటి నుంచి నేరుగా నోట్లోకే వచ్చేసేది.

ఆమె తూనికలూ కొలతల శాఖలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇన్‌స్పెక్టరుగా పనిచేసింది. చేపల మార్కెట్టు, ఇనుప సామాన్ల వీధి, బంగారం కొట్లు, పాత కాగితాలు కొనే గోదాములు, ఆమె చెయ్యి పడని తూకం పనిచేసిన ఏ ఊళ్ళోనూ లేదు. స్కూటరు చప్పుడు వీధి మలుపులో వినబడగానే "కాటా మేడం వస్తోంది" అని ఒక కొట్టు నుంచి ఇంకో కొట్టుకి కబురు పాకిపోయేది. ఓసారి మేకులమ్మే ఆసామి ఒకాయన కుర్చీ తుడిచి వేసి, "కూర్చోండి మేడం, ఎండలో వచ్చారు" అన్నాడు. "నేను కూర్చుంటే నీ కాటా నిలబడుతుందా?" అని ఆమె నిలబడే సోదా చేసింది. తక్కెడ పళ్ళెం అడుగున గోళీకాయంత మైనం ముద్ద దొరికింది. ఇంకోసారి పైఅధికారి ఫలానా కొట్టు జోలికి పోవద్దని చెప్తే, ఆ కొట్టుకి ఒకే నెలలో రెండుసార్లు వెళ్ళింది. అలా ఏడుసార్లు బదిలీ అయింది. ఏడుసార్లూ సామాన్లు సర్దింది ఆమె భర్తే.

ఆ భర్త బేకరీలో పనివాడు. నోట్లో నాలుక లేని మనిషి. లోకం ఇంకా లేవకముందే వెళ్ళి బట్టీ దగ్గర నిలబడతాడు, పది గంటలకి ఇంటికొచ్చి తిని, సాయంత్రం నాలుగు దాకా పడుకుంటాడు. వాళ్ళది రెండు గదుల ఇల్లు. ఆ ఆరు గంటలూ ఇంట్లో గిన్నె కూడా చప్పుడు చెయ్యకూడదు. ఆమె ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ దాంతో ఇబ్బంది రాలేదు. రిటైరయ్యాకే తెలిసింది, మధ్యాహ్నం ఎంత పొడుగ్గా ఉంటుందో.

ఆమెకి వయొలిన్ అంటే ప్రాణం. వాయించడం రాదు, వినడమే. ఆఫీసులో భోజనం వేళ ఫోను చెవి దగ్గర పెట్టుకుని వినేది. అది చూసి తోటివాళ్ళు రిటైరైన రోజున పెద్ద హెడ్‌ఫోను ఒకటి బహుమతిగా ఇచ్చారు. రెండు చెవుల్నీ మెత్తగా మూసేసేది, గిన్నెలంత ఉంటాయి దాని డొప్పలు. ముప్ఫై ఒక్క ఏళ్ళు బజారు రొద విన్న చెవులకి ఇక రోజుకి రెండు గంటలు ఒకే ఒక్క వయొలిన్ కావాలనుకుంది. ఆ రెండు గంటలు తప్ప ముసలితనం దగ్గర ఆమె అడిగిందేమీ లేదు.

తీరా ఫోనుకి తగిలిస్తే పక్క వీధిలో ఎవరో వాయిస్తున్నట్టు వినబడింది. "ఇంత పెద్ద హెడ్‌ఫోనుని కదిపే బలం ఫోనుకి లేదత్తా, మధ్యలో ఒక ఆంప్లిఫయరు పెట్టె ఉండాలి" అన్నాడు మేనల్లుడు. తమ్ముడి కొడుకు. మూడు వీధుల అవతల వాడికి ఆడియో సామాన్ల కొట్టుంది. గోడలకి నల్లటి స్పాంజి, మధ్యలో ఒక సోఫా, గాజు బీరువాల్లో రకరకాల పెట్టెలు. పాట పెట్టినప్పుడు వాడు కళ్ళు మూసుకుని, గడ్డం పైకెత్తి, గొంతులో ఏదో దిగుతున్నట్టు మొహం పెడతాడు. అత్తకి ఆ మొహం చూస్తేనే సగం ఒళ్ళు మండేది.

ఆ రోజు రెండు పెట్టెలు బల్ల మీద పెట్టాడు. ఒకటి సబ్బు పెట్టెంత, రెండోది ఇటుకంత. మొదట చిన్నదానికి హెడ్‌ఫోను తగిలించి వయొలిన్ పెట్టాడు. తర్వాత పెద్దదానికి.

"ఎలా ఉందత్తా?"

"రెండోది బాగుంది."

"చూశావా! కచేరీ వేదిక ఎంత విశాలంగా ఉందో. స్వరం ఎంత వెచ్చగా ఉందో."

"వెచ్చగా ఉండటానికి ఇదేమన్నా దుప్పటా? ఆ చెయ్యి ఎక్కడ పెట్టావ్?"

"ఏ చెయ్యి?"

"కుడి చెయ్యి. పెద్ద పెట్టె మీద నాబ్ ఎంత తిప్పావ్?"

మేనల్లుడు చెయ్యి కేసి చూసుకున్నాడు. "కొంచెం... అలవాటుగా..."

"అలవాటుగా! చేపలవాడు కూడా అలవాటుగానే వేలు ఆనిస్తాడు. రెండు తూకాలూ సున్నా దగ్గర మొదలవ్వాలా వద్దా? గట్టిగా వినబడేది ఎవడికైనా బాగానే ఉంటుంది."

కొట్లో మరో ఇద్దరు బేరగాళ్ళున్నారు. వాళ్ళల్లో గళ్ళ చొక్కా ఆయన ఆసక్తిగా దగ్గరికి జరిగాడు. అత్త అట్టముక్క ఒకటి అడిగి, గుండ్రంగా కత్తిరించి, నడిమధ్య చిల్లు పెట్టింది. ఆ అట్టని హెడ్‌ఫోను డొప్పకి ఆనించి, చిల్లు దగ్గర ఫోను మైకు పెట్టి, చప్పుడు కొలిచే యాప్‌లో రెండు పెట్టెలకీ ఒకే అంకె వచ్చేదాకా నాబ్‌లు సర్దింది. తర్వాత మేనల్లుణ్ణి గోడవైపు తిప్పి కూర్చోబెట్టింది.

"ఇప్పుడు చెప్పు, ఏది ఏదో."

పది సార్లు మార్చింది. వాడు ప్రతిసారీ కళ్ళు మూసుకుని, గడ్డం పైకెత్తి, తేల్చి చెప్పాడు. ఐదు ఒప్పు, ఐదు తప్పు. గళ్ళ చొక్కా ఆయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. మేనల్లుడి మొహం మాడిపోయింది. వాడు అబద్ధం ఆడే రకం కాదు, అదే అసలు గోల. ఇన్నేళ్ళూ ఆ వెచ్చదనాన్ని నిజంగానే నమ్మాడు. అత్త అది గమనించింది కానీ ఆగలేదు. సోదాలో గెలిచాక ఆగడం ఆమెకి ఎవరూ నేర్పలేదు.

"చిన్నది కట్టు" అంది.

మర్నాడు పన్నెండింటికి భర్త గదిలో నిద్రపోతుంటే, వంటింట్లో కుర్చీ వేసుకుని, చిన్న పెట్టెకి హెడ్‌ఫోను తగిలించి కళ్ళు మూసుకుంది. ఈసారి వయొలిన్ పక్క వీధిలో లేదు, గదిలోనే ఉంది. కమాను తీగ మీద ఆనే గరుకు కూడా తెలుస్తోంది. కానీ వాయించేవాడు ఎదురుగా నిలబడలేదు. కుడిపక్కకి జరిగి, భుజం వెనక నుంచి వాయిస్తున్నాడు. ఆమె తల తిప్పింది. వాడూ తిరిగాడు. నాబ్ పెంచింది, తగ్గించింది. వాడు అక్కణ్ణుంచి కదల్లేదు. ఎడమ డొప్ప బద్ధకంగా ఉంది.

భర్త లేచేదాకా కూడా ఆగలేదు, పెట్టె సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

"ఒక పక్క తక్కువ తూగుతోంది నీ పెట్టె."

మేనల్లుడు ఆ రోజు "రా అత్తా" అనలేదు. పెట్టె అటూ ఇటూ తిప్పి, "చిన్నవాటిల్లో నాబ్ చవకది ఉంటుంది. చప్పుడు బాగా తగ్గించి వింటే రెండు పక్కలా సమానంగా రాదు. నువ్వేమో మామయ్య లేస్తాడని తగ్గించి వింటావు. అందుకే పెద్దది తీసుకోమన్నాను" అన్నాడు.

"నిన్న ఈ ముక్క చెప్పావా?"

"చెప్పనిచ్చావా? గోడకి తిప్పి కూర్చోబెట్టావు."

ఆ మాటలో పుల్లవిరుపు అత్తకి తగిలింది. అయినా వాడు చెప్పినదాంట్లో కారణం ఉంది గనక ఊరుకుంది. ఇంకో పెట్టె ఇచ్చాడు. దీని నాబ్ మెల్లగా జారదు, మెట్టుమెట్టుకీ టక్కుమంటుంది, ప్రతి మెట్టూ రెండు పక్కలా కచ్చితంగా సమానమని అట్టపెట్టె మీద కూడా రాసుంది.

టక్కు టక్కుమని తిప్పుకుంటూ మర్నాడు మళ్ళీ కూర్చుంది. వయొలిన్ వాడు మళ్ళీ కుడిపక్కనే ఉన్నాడు.

ఆమె హెడ్‌ఫోను లాగి పక్కన పడేసింది. విషయం అర్థమైపోయిందనుకుంది. నలుగురిలో పరువు తీశానని వీడు పగబట్టాడు. ఎవరో వెనక్కిచ్చిన పాడు పెట్టె ఏరి తన మొహాన కొట్టాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఊరందరి మోసాలూ పట్టిన దాన్ని సొంత మేనల్లుడు మోసం చేశాడు. ముందు తమ్ముడికి ఫోను చేసింది.

"అక్కా, వాడు అలాంటివాడు కాదే" అన్నాడు తమ్ముడు.

"నీ కొడుకుని నువ్వెప్పుడైనా తూచావా?"

"కన్నకొడుకుని తూచడం ఏంటక్కా?"

"అందుకే తెలీదు నీకు" అని పెట్టేసింది.

తర్వాత కాగితం తీసి వినియోగదారుల సంఘానికి ఫిర్యాదు రాసింది. ఫిర్యాదులు రాయడం ఆమెకి ఊపిరి పీల్చినంత తేలిక. ఎక్కడ, ఎప్పుడు, ఏ వస్తువు, ఏ లోపం, అన్నీ వరసలో పడ్డాయి. సంఘం కార్యదర్శి పాత పరిచయస్తుడే. మంగళవారం మనిషిని కొట్టుకి పంపిస్తామని ఆ సాయంత్రమే కబురు పెట్టాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఆమె కొట్టుకి కూడా వెళ్ళింది. అప్పుడు కొట్టు నిండా జనం ఉన్నారు. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి స్పీకర్లు చూస్తోంది. గళ్ళ చొక్కా ఆయన ఆలోచించుకుని ఖరీదైన పెట్టె కొనడానికి మళ్ళీ వచ్చాడు.

"దొంగ తూకం!" అంది గుమ్మంలోంచే. "ఇక్కడ ఏం కొన్నా ఒకటికి రెండుసార్లు చూసుకోండి. అత్తకే పాడు సామాను అంటగట్టినవాడు మీకేం ఇస్తాడు?"

మేనల్లుడు బిక్కచచ్చిపోయాడు. "అత్తా, లోపలికి రా, కూర్చుని మాట్లాడదాం."

"కూర్చోబెట్టేవాళ్ళని చాలామందిని చూశాను."

"నీ అట్టముక్కే పెట్టి రెండు పక్కలా కొలిచి మరీ ఇచ్చానత్తా. ఒకే అంకె వచ్చింది. కావాలంటే ఇప్పుడే..."

"నువ్వు కొలిచింది నువ్వే నమ్ముకో. అలవాటు చేతులు!"

కొత్త జంట ఒకరి మొహాలొకరు చూసుకుని బయటికి నడిచారు. గళ్ళ చొక్కా ఆయన కూడా చేతిలో పెట్టె బల్ల మీద మెల్లగా పెట్టేసి వెళ్ళిపోయాడు. మేనల్లుడు ఆ పెట్టె తీసి బీరువాలో పెట్టాడు. తలుపు మూసి, దాని గాజు తుడవడం మొదలుపెట్టాడు.

ఆదివారం బేకరీకి సెలవు. భర్త మేలుకునే ఉన్నాడు గనక ఆమె పగలంతా అతని చెవిలో జోరీగలా పోరింది. చివరికి సాక్ష్యం కావాలనిపించి హెడ్‌ఫోను అతని చేతికిచ్చింది.

"మీరు వినండి. ఎక్కడున్నాడో చెప్పండి."

"ఎవరే?"

"వయొలిన్ వాడు!"

ఆయన డొప్పలు చెవులకి పెట్టుకుని, వేళ్ళు పిండి కలిపే అలవాటుతో మోకాలి మీద ఆడిస్తూ కాసేపు విన్నాడు. "ఎదురుగానే ఉన్నాడు కదే. ఇదిగో, నా ముక్కు ముందు."

"మీ చెవుల్లో మైదాపిండి ఉంది. ఇలా ఇవ్వండి."

లాక్కుని, కోపంలో చూసుకోకుండా తగిలించుకుంది. వాడు కుడిపక్కనే ఉన్నాడు. "వినబడట్లేదూ? వీడు కుడిపక్కనే..." అంటూ ఎడమ డొప్పని సర్దుకోబోయి, వేలికి తగిలిన అక్షరాన్ని తడిమింది. డొప్పల అంచుల మీద ఏది ఏ చెవికో ఉబ్బెత్తుగా రాసుంటుంది. ఎడమ చెవి మీద ఉన్నది కుడి డొప్ప. హెడ్‌ఫోను తిరగబడి ఉంది.

ఆమె వేలు ఆ అక్షరం మీదే ఆగింది.

రెండు పళ్ళాల తక్కెడని పరీక్షించే తీరు ఒకటుంది, శాఖలో చేరిన మొదటి వారంలోనే నేర్పుతారు. ఒక పక్క మొగ్గుతోందంటే ముందు పళ్ళాలు అటూ ఇటూ మార్చి తగిలించాలి. మొగ్గు పళ్ళెంతో పాటు అవతలి వైపుకి వెళ్ళిందా, లోపం పళ్ళెంలో ఉంది. పళ్ళెం మారినా మొగ్గు అదే పక్కన ఉండిపోయిందా, లోపం పళ్ళాలు వేలాడే కాడలో ఉంది. పళ్ళాన్ని తిట్టి లాభం లేదు. ఎన్ని వేల తక్కెడలకో ఆమె అలా పళ్ళాలు మార్చింది. ఈ హెడ్‌ఫోనుని మాత్రం ఒక్కసారి కూడా తిప్పి పెట్టుకోలేదు. పెట్టెలో లోపం ఉంటే, హెడ్‌ఫోనులో లోపం ఉంటే, తిప్పి పెట్టుకున్నాక వయొలిన్ ఎడమపక్కకి వెళ్ళి ఉండాలి. వెళ్ళలేదు. కుడిపక్కనే ఉంది. అంటే ఇక మిగిలింది ఈ డొప్పల మధ్య ఉన్న తల.

తీసి మళ్ళీ సరిగ్గా పెట్టుకుంది. మళ్ళీ తిప్పింది. ఆరుసార్లు మార్చింది. ఆరుసార్లూ ఎడమ చెవే మందంగా ఉంది.

"ఏమైందే?" అన్నాడు భర్త.

"ఏమీ కాలేదు!" అని అరిచింది. వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలన్నీ దించి మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. చెవి మీద తెచ్చుకుంది. స్కూటరు హారన్ల మీద, ఎడమపక్కనే కూర్చుని అరిచిన గుమాస్తాల మీద తెచ్చుకుంది. ఎవరి మీదా అది నిలవలేదు. చేతిలో గిన్నె బరువైన కొద్దీ ఒకే దృశ్యం కళ్ళ ముందు ఆడింది. మేనల్లుడు ఆ పెట్టెని తిరిగి బీరువాలో పెట్టడం.

భర్త గుమ్మంలో నిలబడి, "వాడికి ఫోను చేసి చెప్పరాదూ" అన్నాడు నెమ్మదిగా.

"ఫోన్లో తిట్టానా, ఫోన్లో చెప్పడానికి?"

"వాళ్ళ నాన్నని ఫోన్లోనే తిట్టావుగా."

ఇరవై ఎనిమిదేళ్ళ కాపరంలో అతను అన్న పెద్ద మాట అదే కావచ్చు. ఆమె కుళాయి కట్టేసింది.

సోమవారం సంఘం ఆఫీసు తెరవగానే వెళ్ళి ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. "ఏమైంది మేడం, రాజీ కుదిరిందా?" అని కార్యదర్శి కన్ను గీటితే, "రాజీ లేదు గీజీ లేదు, రాసిందే తప్పు" అని అతని మీద విరుచుకుపడి, అక్కణ్ణుంచి నేరుగా కొట్టుకి నడిచింది. కొట్లో నలుగురున్నారు. మేనల్లుడు చూశాడు, మొహం తిప్పుకున్నాడు.

"నాదే తప్పు" అంది అత్త, గుమ్మంలోంచే, ఆ రోజు తిట్టిన గొంతుతోనే. "విన్నావా? నీ పెట్టెలు రెండూ బాగానే ఉన్నాయి. పాడైంది నా ఎడమ చెవి."

"నెమ్మదిగా చెప్పత్తా. అందరూ వింటున్నారు."

"వినాలనే! ఆ రోజు అందరూ విన్నారుగా. ఆ గళ్ళ చొక్కా ఆయన ఎక్కడుంటాడు? ఆ కొత్త జంట ఎవరు?"

"నాకేం తెలుసు? మళ్ళీ వస్తేగా అడిగేది."

ఆ జవాబు చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఆమె బల్ల మీదున్న తెల్లకాగితం లాక్కుని, నిలబడే రాసింది. శాఖ భాష చేతికి దానంతటదే వచ్చేసింది. "ఈ దుకాణమందు విక్రయించిన ఆంప్లిఫయర్లు రెండింటిని పరీక్షించడమైనది. ఎట్టి లోపము కానరాలేదు. లోపము ఫిర్యాదుదారు ఎడమ చెవియందు కలదు." కింద సంతకం, తేదీ. తిప్పి చూపించి, "గాజు తలుపుకి అతికించు" అంది.

మేనల్లుడు చదివాడు. నవ్వు రాబోయి, వాడు దాన్ని మింగేశాడు. "ఇది అతికిస్తే ఇక్కడ చెవి డాక్టరు కూడా ఉన్నాడనుకుంటారు." కాగితాన్ని మడవలేదు, అతికించనూ లేదు. "అత్తా, నువ్వు నన్ను దొంగ అన్నావు. నాన్నకి ఫోను చేసి మరీ అన్నావు. ఆయన రాత్రి నన్ను అడిగాడు తెలుసా, నిజమేనా అని. మా నాన్న నన్ను అడిగాడు."

"మీ నాన్నకీ చెప్తాను" అంది అత్త, మొదటిసారి గొంతు తగ్గించి. "ఇవాళే, ఇక్కణ్ణుంచి నేరుగా మీ ఇంటికే వెళ్ళి చెప్తాను."

మేనల్లుడు లోపలికి వెళ్ళాడు. ఇక రాడేమోననుకుంది. వెనక గదిలో అట్టపెట్టెలు జరిపిన చప్పుడు, దుమ్ము దులిపిన చప్పుడు. పాతకాలపు వెండిరంగు పెట్టె ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. దాని మొహం మీద రెండు నాబ్‌లున్నాయి.

"రెండోది ఎందుకు?"

"ఎడమ పక్కకి ఎంత, కుడి పక్కకి ఎంత ఇవ్వాలో తిప్పుకోవడానికి. అటు పది గీతలు, ఇటు పది. ఇప్పుడు ఎవరూ పెట్టట్లేదు. మా బేరగాళ్ళకి చూపిస్తే నన్ను చూసి నవ్వుతారు. నీకు ఇదే కావాలి."

హెడ్‌ఫోను తగిలించి, వయొలిన్ పెట్టాడు. ఆమె కళ్ళు మూసుకుంది. మేనల్లుడు రెండో నాబ్‌ని ఎడమవైపు ఒక గీత తిప్పాడు. కుడిపక్క ఉన్నవాడు కొంచెం కదిలాడు. ఇంకో గీత. ఇంకోటి. ఐదో గీత దగ్గర వయొలిన్ వచ్చి ఆమె నుదుటి ఎదురుగా నిలబడింది. అన్నాళ్ళుగా కావాలనుకున్నది అదే. కళ్ళు తెరిచి నాబ్ కేసి చూసేసరికి సంతోషమంతా ఆవిరైపోయింది.

"ఇంత తిప్పాలా?"

"ఊఁ."

"ఐదు గీతలా! సగం పోయిందన్నమాట నాకు."

"సగం కాదు. కానీ తక్కువేం కాదు." వాడు నాబ్ మీద నుంచి చెయ్యి తీశాడు. "దీంతో ఊరుకోకు. వచ్చే ఏడాదికి ఆరు గీతలైతే ఏం చేస్తావ్? డాక్టరుకి చూపించు."

"నాకు డాక్టర్ల పేర్లెత్తకు."

"ఎత్తుతాను. ఇవాళ నువ్వు వినాలి."

అత్త హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టింది. కోపమంతా మళ్ళీ గొంతులోకి వచ్చింది కానీ దాన్ని విసరడానికి ఎదురుగా ఎవరూ దొరకలేదు. ఉన్నవాడి మీద విసిరే హక్కు లేదు. "అయితే నువ్వే రా" అంది. "మీ మామయ్య వస్తే డాక్టరు చెప్పినదానికల్లా తలూపుతాడు. వాళ్ళ యంత్రం సరిగ్గా ఉందో లేదో చూసేవాడు ఒకడు కావాలి."

"కొట్టు వదిలేసి రావాలా నేను?"

"పొద్దున తొమ్మిదికి. కొట్టు తెరిచేది పదకొండుకి కదా."

మేనల్లుడు పెట్టె మీద మిగిలిన దుమ్ము తుడిచాడు. "వస్తాను" అన్నాడు. "నా కోపం పోయిందనుకోకు."

"పోనక్కర్లేదు. ఆలస్యం మాత్రం చెయ్యకు" అంది అత్త. వెండిరంగు పెట్టెని సంచిలో వేసుకుని, తమ్ముడి ఇంటి వైపు నడిచింది.